జాలీ బోయ్‌లో అమ్మ చూసిన చేపలు

మా అమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి మమ్మల్ని చదివించింది. శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర సముద్రాన్ని ఆనుకున్న పల్లె మాది. నాన్న రాత్రి వేటకు పోతే తెల్లారేసరికి తిరిగొచ్చేవాడు. అమ్మ ఒడ్డు మీదే చేపలు ఏరుకుని, ఐసు వేసుకుని, సోంపేట వైపు పోయే మొదటి బస్సు పట్టుకునేది. కానాగంతలు, కవళ్లు, సావళ్లు, పారలు, గులివిందలు... ఏ కాలానికి ఏవి పడితే అవి. మొప్ప ఎత్తి చూసి ఆ చేప ఎప్పటిదో చెప్పేది. తక్కెట్లో వెయ్యకముందే బరువు చెప్పేది. అంత తెలిసిన మనిషి, యాభై ఏళ్లు దాటేవరకూ సముద్రపు చేప తన చోట తాను ఈదుతుంటే చూడలేదు. మా వైపు ఆడవాళ్లు వేటకు వెళ్లరు. మోకాళ్లు తడిసే దాకానే వాళ్లకి సముద్రం. ఆ లోపల ఏముందో వలలో వచ్చిన దాన్నిబట్టి ఊహించుకోవడమే.

అండమాన్‌లోని జాలీ బోయ్ దీవి దగ్గర అమ్మ ఆ లోపలికి చూసిన రోజు గురించి రాద్దామని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నాను.

అది 2010 జనవరి, సంక్రాంతి వెళ్లాక. అమ్మ తమ్ముడు, మా మామయ్య, పెళ్లికి ముందే అండమాన్ వెళ్లిపోయాడు. ఆ రోజుల్లో మా పల్లెల నుంచి అలా వెళ్లినవాళ్లు ఇంటికొకరు ఉండేవారు. విశాఖలో ఓడ ఎక్కితే రెండున్నర రోజుల్లో పోర్ట్ బ్లెయిర్. ఇప్పుడా ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు గానీ, మా ఇంట్లో ఎవరి నోటికీ అది ఇంకా అలవాటు కాలేదు. అక్కడ జంగ్లీఘాట్ అనే పేట ఉంది. చేపల రేవు, వలలు బాగుచేసుకునే మగవాళ్లు, అరుగుల మీద ఆడవాళ్ల కబుర్లు, అంతా తెలుగే, అదీ మన ఉత్తరాంధ్ర యాసే. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు దాదాపు 13 శాతం. ఓడ దిగి అంత దూరం వచ్చాక పక్కింటావిడ గుమ్మంలో నిలబడి "ఎప్పుడొచ్చారమ్మీ, అప్ప బాగుందా" అని అడిగితే అమ్మ నిలువునా కరిగిపోయింది. అప్ప అంటే మా వైపు అక్క.

మామయ్య చాలా ఏళ్లుగా రమ్మంటున్నాడు. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు రేవులో కట్టి ఉన్న ఆయన బోటు ముక్కలైంది. మనుషులు దక్కారు. ఆ వార్త విన్నప్పటి నుంచి తమ్ముణ్ణి కళ్లారా చూసి రావాలని అమ్మకి ఉండేది. డబ్బు కుదిరాక ఇద్దరం బయల్దేరాం. నాన్న రానన్నాడు. పండగ తర్వాత చేప బాగా పడుతుంది, బోటు వదిలి రావడం కుదరదన్నాడు.

సెల్యులార్ జైలు చూశాం, బజారు తిరిగాం. అవన్నీ అందరూ రాసేవే. మామయ్య మాత్రం "అప్పా, నీకొకటి చూపించాలి" అంటూ ఉండేవాడు. అటవీశాఖ పర్మిట్ తెచ్చి, ఒకరోజు తెల్లారకముందే మమ్మల్ని లేపి జీపు ఎక్కించాడు. వండూర్ అక్కడికి ముప్ఫై కిలోమీటర్ల లోపే. దారి పొడుగునా పోకతోటలు, కొబ్బరి తోటలు. వండూర్ ఒడ్డుకి చేరేసరికి అమ్మ జీపులోంచే "అవేటిరా, సెట్లన్నీ అలా సచ్చిపోయాయి?" అంది. పెద్ద పెద్ద మానులు ఆకు లేకుండా, బెరడు ఊడి, సముద్రంలో నిలబడి ఉన్నాయి. ఆ సునామీకి కారణమైన భూకంపానికి దక్షిణ అండమాన్‌లో నేల సుమారు ఒక మీటరు కుంగింది. అడవి ఉన్న చోటికి ఉప్పునీరు వచ్చి చేరింది. మామయ్య అది చెప్తుంటే అమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసి అలాగే నడిచింది.

అక్కడి నుంచి బోటు. మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్ అంటారు ఆ సముద్రాన్ని, 1983లో ఏర్పాటు చేశారు. చిన్నా పెద్దా 15 దీవులు, నీళ్లతో కలిపి 281 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. యాత్రికుల్ని రెండు దీవులకే పంపిస్తారు, జాలీ బోయ్, రెడ్ స్కిన్. ఏడాదిలో కొన్ని నెలలు ఒకటి తెరిస్తే రెండోదానికి విశ్రాంతి. మేం వెళ్లినప్పుడు జాలీ బోయ్ వంతు. రాత్రి ఉండడానికి వీల్లేదు, అంగళ్లు లేవు, ఒక్క ఇల్లు లేదు. జెట్టీ దగ్గర సంచులు విప్పి చూస్తారు. ప్లాస్టిక్ అన్నది ఒక్కటి కూడా దీవికి పోకూడదు. మా ముందున్న వాళ్ల బిస్కెట్ ప్యాకెట్లు, చిప్స్ అన్నీ అక్కడే ఆపేశారు. అమ్మ మాత్రం ఎప్పటిలాగే స్టీలు క్యారియర్‌లో పులిహోర, గుడ్డలో చుట్టిన అరటిపళ్లు తెచ్చింది. తనిఖీ చేస్తున్నామె మూత తీసి చూసి నవ్వి పంపించింది. ఆ నియమం నాకెంత నచ్చిందో చెప్పలేను. మన తీరాల్లో ఏ ఒడ్డున నిలబడినా కాళ్లకి కవర్లు తగులుతాయి. ఇక్కడ కాళ్లకి ఇసక తప్ప మరోటి తగల్లేదు.

బోటు మొదట మడ అడవుల మధ్య నుంచి పోయింది. నీళ్లు అద్దంలా నిశ్చలంగా ఉన్నాయి. రెండు పక్కలా కొండలు, నీటి అంచు దాకా దిగిన దట్టమైన అడవి, ఎక్కడా మనిషి అలికిడి లేదు. గంట దాటుతుండగా రంగు మారడం మొదలైంది. నల్లటి నీలం కాస్తా ఆకుపచ్చై, తర్వాత అడుగున ఇసక కనిపించేంత లేతగా అయిపోయింది. జాలీ బోయ్‌కి జెట్టీ లేదు. పెద్ద బోటు దూరంగా ఆగుతుంది. అక్కడి నుంచి అడుగున గాజుపలక బిగించిన చిన్న పడవల్లోకి దింపుతారు. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఆ గాజులోకి వంగింది. ఒడ్డు చేరాక కూడా లేవలేదు. దిగమంటే "ఉండండ్రా, ఇంకా సూడనీండి" అంది.

నీళ్లలో దిగి చూడొచ్చని మామయ్య అప్పుడు చెప్పాడు. అమ్మ ససేమిరా అంది. ఈ వయసులో ఆ వేషాలేమిటంది, చీర సంగతేమిటంది, మొసళ్లుంటాయని వండూర్‌లో బోర్డు పెట్టారు కదా అంది. చీరకి బదులు నా చుడీదార్ తెచ్చాను. మొసళ్లు మడ అడవుల కాలువల దగ్గర తిరుగుతాయి, ఇక్కడ గైడ్లు చూసి చెప్పిన చోటే దిగుతాం అన్నాడు మామయ్య. ఆఖరికి ఆయన ఒక్క మాట అన్నాడు: "అప్పా, గంగమ్మ తల్లి ఇంటికొచ్చి గుమ్మంలోంచి ఎనక్కి పోతావేటి?"

అమ్మ లేచింది. నీళ్లలోకి దిగి, దోసిలితో నీళ్లు తీసి కళ్లకద్దుకుని, తల మీద చల్లుకుంది. వేటకు పోయే ముందు నాన్న చేసే పనే అది.

గైడ్ రాంచీ వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన కుటుంబంలో కుర్రాడు. హిందీలో చెప్తే మామయ్య తెలుగులో చెప్పేవాడు. మాస్క్ అద్దం లోపల కాస్త ఉమ్మి రాసి కడిగాడు, ఆవిరి పట్టకుండా. గొట్టం చివర పళ్లతో పట్టుకుని నోటితోనే ఊపిరి తీసుకోవాలన్నాడు. అమ్మకి అది ఎంతకీ కుదరలేదు. ముక్కుతో పీల్చబోవడం, నీళ్లు మింగడం, దగ్గడం. నాకు ఒకటే టెన్షన్. వద్దులే అమ్మా అన్నాను కూడా. ఆ కుర్రాడు మాత్రం ఏమాత్రం తొందరపడలేదు. నడుము లోతులో నిలబెట్టి, తన అరచెయ్యి నీటి మీద పెట్టి, "ముందు నా చెయ్యి చూడు మాజీ (అమ్మగారూ), అంతే" అన్నాడు. అమ్మ తల వంచి ఆ చేతిని చూసింది. మెల్లగా ఊపిరి గాడిలో పడింది. లైఫ్ జాకెట్ వేసి, ట్యూబ్ పట్టించి, దాని తాడు తన భుజానికి తగిలించుకుని అతను ఈదుతుంటే, నేనొక పక్క అమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లాను.

ముందుగా వినిపించేది చప్పుడు. నీళ్ల కింద నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నాను. అలా లేదు. మన ఊపిరి గొట్టంలో పెద్దగా వినిపిస్తుంది, దాని వెనక ఎక్కడో కరకరమని శబ్దం. చూస్తే, ఆకుపచ్చ నీలం కలిసిన చిలుక చేపలు గట్టి ముక్కులతో పగడపు రాళ్లని గీరుతున్నాయి. వాటి వెనక నుంచి సన్నటి తెల్లని పొడి తెరలా రాలుతోంది. అది ఇసక. రాతిమీద నాచు కోసం పగడాన్ని కొరికి నమిలి, అరగనిదాన్ని అలా ఇసకగా వదులుతాయట. ఆ దీవి తెల్లటి ఒడ్డులో వాటి వాటా చాలా ఉందని తర్వాత గైడ్ చెప్పాడు.

పగడాలు ఎన్ని రకాలో. దుప్పి కొమ్ముల్లా చీలినవి, బల్లలా పరుచుకున్నవి, గుండ్రాళ్లలా ఉండి ఒళ్లంతా మడతలు పడ్డవి. ఊదా, లేత పసుపు, గోధుమ, కొనల్లో నీలం. ఒక బండ సందులో పెద్ద ఆల్చిప్ప నోరు తెరుచుకుని ఉంది. దాని అంచు నీలం మఖ్మల్ గుడ్డ కుట్టినట్టుంది, మీద పచ్చటి చుక్కలు. గైడ్ చెయ్యి అడ్డం పెట్టి దాని మీద నీడ పడేలా చేశాడు. ఆ నీలమంతా ఒక్క వణుకుతో లోపలికి ముడుచుకుంది. అమ్మ చెయ్యి కూడా నా చేతిలో వణికింది. నారింజ రంగు మీద తెల్లచారల క్లౌన్ ఫిష్‌లు ఒక కుచ్చుల్లాంటి జీవి మధ్య దూరి, బయటికొచ్చి మమ్మల్ని తరిమినట్టు చేసి మళ్లీ దూరాయి. వేలంత లేవు, ఎంత పౌరుషమో వాటికి.

అవన్నీ దాటి, పగడాలు అయిపోయి ఇసక మొదలయ్యే చోట అమ్మ ఒక్కసారిగా నా చెయ్యి గట్టిగా నొక్కింది. వేలు పెట్టి చూపించింది. నేను చూశాను గానీ నాకేం ప్రత్యేకంగా కనిపించలేదు. మామూలు చేపలు, ఒక గుంపు, ఇసక మీద ముక్కులు ఆనించి తిరుగుతున్నాయి. అమ్మ మళ్లీ మళ్లీ చూపించింది. మాట్లాడ్డానికి లేదు కదా, గొట్టంలోంచే ఏదో అంటోంది. ట్యూబ్ వదిలేస్తుందేమోనని గైడ్ దగ్గరికొచ్చాడు.

గులివిందలు.

గులివింద చేపకి గడ్డం కింద రెండు మీసాలుంటాయి. చచ్చినప్పుడు అవి గడ్డానికి అంటుకుపోయి ఉంటాయి, దారపు పోగుల్లాగా. చేప శుభ్రం చేసేటప్పుడు అమ్మ వాటిని కత్తి మొనతో గీకి పారేసేది. ఎన్ని వేల చేపలకి అలా గీకి ఉంటుందో. ఇక్కడ ఆ మీసాలు బతికి ఉన్నాయి. చేప ముందుకి కదులుతుంటే అవి రెండూ కిందికి దిగి, వేళ్లు తడుముకున్నట్టుగా ఇసకని వెతుకుతున్నాయి. ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు, దేనికదే. ఏదో తగిలితే చాలు, చేప మూతి గబుక్కున ఇసకలోకి గుచ్చుకుంటుంది, చిన్న మబ్బులాగా ఇసక లేస్తుంది, చేప మింగేసి ముందుకి పోతుంది. దాని వెనకే ఇంకో రకం చేపలు, అది తవ్విన గుంటలో మిగిలింది ఏరుకుంటున్నాయి.

అమ్మ అక్కడే ఉండిపోయింది. గైడ్ ముందుకి పోదామని తాడు లాగితే కాదని తల ఊపింది. మిగతావాళ్లు ఎక్కడెక్కడో తిరిగొచ్చారు. మేం ఆ ఇసక మీద, ఆ గులివిందల పైన తేలుతూ ఉన్నాం. నేను కాసేపయ్యాక చేపల్ని వదిలేసి అమ్మనే చూశాను. మాస్క్ లోపల కళ్లు విప్పార్చుకుని, రెప్ప వెయ్యకుండా, పదేళ్ల పిల్ల చూసినట్టు చూస్తోంది. నాకు తెలిసిన అమ్మ ఎప్పుడూ ఏదో ఒక పని మధ్యలో ఉండేది. పని లేకుండా, ఊరికే దేన్నో చూస్తూ ఉన్న అమ్మని నేను చూసింది ఆ రోజే.

ఒడ్డుకొచ్చి చెట్ల నీడన కూర్చున్నాక ఆమె అన్న మొదటి మాట: "తిండి ఎతుక్కోడానికటే ఆ మీసాలు. నానేటో అందానికనుకున్నాను."

తర్వాత ఇక మాటలే మాటలు. పులిహోర పెడుతూ చెప్పింది, తింటూ చెప్పింది. లోతు మొదలయ్యే చోట ఒక పార చేప వెళ్లిందట, మూడు కిలోలకి తగ్గదట. గైడ్ నవ్వి, నీళ్లలో మాస్క్ అద్దంలోంచి చూస్తే ఏదైనా మూడో వంతు పెద్దదిగా, దగ్గరగా కనిపిస్తుంది మాజీ అన్నాడు. మామయ్య అది తెలుగులో చెప్పగానే అమ్మ కాసేపు ఆలోచించి, "అయితే కిలో మీద పావు. అంతకన్నా తగ్గదు" అంది. ఆ లెక్క మీద నాకు పూర్తి నమ్మకం.

ఈ చుట్టుపక్కల వల వెయ్యకూడదు కదా, మీకు కష్టం కాదా అని నేను మామయ్యని అడిగాను. మొదట్లో కోపం ఉండేదన్నాడు. "కానీ చేప పిల్లల్ని పెట్టుకుని పెంచుకోడానికి దానికీ ఓ ఇల్లుండాల గదా. ఇక్కడ పెరిగిందే బయటికొచ్చి మా వల్లో పడతాది." చదువుకున్నవాళ్లు పెద్ద పెద్ద నివేదికల్లో రాసేది ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. అమ్మ ఊ కొట్టింది. మధ్యాహ్నం బోటు కూతేసే దాకా ఆ దీవి ఒడ్డున తిరుగుతూ ఒక్క గవ్వ కూడా ఏరలేదు. ఏరనివ్వరు కూడా. "ఉండనీ, ఆటి ఇల్లు" అంది.

ఇంటికొచ్చాక అసలు కథ. నాన్న అరుగు మీద వల బాగుచేసుకుంటుంటే అమ్మ ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది. నలభై ఏళ్లు సముద్రం మీద బతికిన మనిషికి, ఆ సముద్రం లోపల ఎలా ఉంటుందో ఆమె చెప్తోంది. నాన్న సూది ఆపలేదు గానీ ప్రతి మాటా విన్నాడు. అంతా విని ఒకటే ప్రశ్న అడిగాడు. "గులివిందలు నీటి పోకకి ఎదురుగా ఉన్నాయా, వాలుగా ఉన్నాయా?"

"ఎదురుగానే. ఒక్కోటి అటూ ఇటూ తిరిగినా మళ్లీ ఎదురుకే తిరిగాయి" అంది అమ్మ.

నాన్న తల ఊపాడు. "అనుకున్నాను" అన్నాడు. ఇన్నేళ్లూ వల ఎటు తిప్పి వెయ్యాలో ఆయన చేతికి తెలుసు. చూసినవాళ్లు చెప్పడం అదే మొదలు. ఆ సాయంత్రం వాళ్లిద్దరూ అలా మాట్లాడుకోవడం నాకు జాలీ బోయ్ కంటే తక్కువ జ్ఞాపకం కాదు.

మేం వచ్చేసిన కొన్ని నెలలకే, ఆ ఏప్రిల్, మే నెలల్లో, అండమాన్ సముద్రం వేడెక్కింది. పగడం అంటే రాయి కాదు, వేలకొద్దీ చిన్న చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఊరు. వాటి ఒంట్లో కంటికి కనపడని నాచు ఉంటుంది. ఎండలో తిండి వండి పెట్టేది ఆ నాచే, రంగు కూడా చాలావరకు దానిదే. నీళ్లు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువై వారాల తరబడి అలాగే ఉంటే పగడం ఆ నాచుని వదిలేస్తుంది, తెల్లబడిపోతుంది. నీళ్లు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది. లేకపోతే ఆకలితో చచ్చిపోతుంది. 2010లో అండమాన్‌లో చాలా చోట్ల అదే జరిగింది. 2016లో మళ్లీ తెల్లబడ్డాయి. మామయ్య ఫోన్‌లో చెప్పాడు, గైడ్ కుర్రాడు కనిపించాడట, జాలీ బోయ్‌లో మనం చూసిన కొమ్ములన్నీ ముందు సున్నం కొట్టినట్టు తెల్లగా అయ్యాయట, తర్వాత వాటి మీద బూడిద రంగు నాచు పట్టిందట, కొన్ని విరిగి పడ్డాయట. చెప్పేటప్పుడు ఆయన గొంతు బాగోలేదు. నేను ఫోన్ పట్టుకుని ఏమనాలో తెలీక ఉండిపోయాను. ఆ ఊదా రంగు, కొనల్లో ఆ నీలం, నేను చూసినవి చూసినట్టుగా ఇక లేవన్న మాట నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అమ్మ ఫోన్ తీసుకుంది. "గులివిందలున్నాయేటిరా?" అని అడిగింది.

ఉన్నాయన్నాడు. ఇసక మీద తిరుగుతూనే ఉన్నాయట. "ఆటికేం కాదులే అప్పా. ఇసకున్నంత కాలం ఉంటాయి."

అమ్మ ఒప్పుకోలేదు. "పగడం సచ్చిపోతే ఇసకెక్కడి నుంచి వస్తాదిరా? ఆ సిలక సేప దేన్ని కొరుకుతాది?"

మామయ్య దగ్గర జవాబు లేదు. కొన్ని బండల మీద వేలెడేసి కొత్త కొమ్మలు లేస్తున్నాయని మాత్రం ఆ కుర్రాడు అన్నాడట. అయితే ఏ బండ మీద, ఒడ్డుకి ఎంత దూరంలో, ఏ రంగో అడిగి తెలుసుకుని మళ్లీ ఫోన్ చెయ్యమంది అమ్మ. పెట్టేసే ముందు, విశాఖ నుంచి ఓడ ఈసారి ఎప్పుడుందో కూడా కనుక్కోమంది.